ఎడమ సీటు వదిలి ఎయిర్‌లైన్‌కి పోవాలా

మా కోనసీమ నుంచి పైలట్ అవ్వాలనుకునే కుర్రాళ్ళు నాకు మెసేజ్ చేస్తే మొదట అడిగేది ఒకటే, అన్నా మీరు ఇండిగోనా ఎయిరిండియానా అని. రెండూ కాదు తమ్ముడూ, కార్పొరేట్‌లో చేస్తున్నా అంటే చాలామందికి అదేంటో తెలీదు, పైలట్ అంటే ట్రాలీ బ్యాగ్ లాక్కుంటూ టెర్మినల్లో నడిచేవాళ్ళే కదా మనకి కనిపించేది. నేను చేసేది వేరు. ఒక కంపెనీకి సొంత విమానం ఉంది, కింగ్ ఎయిర్ బి200, ప్రొపెల్లర్లు తిప్పే రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, వెనకాల ఏడెనిమిది మంది కూర్చోవచ్చు, బేగంపేటలో పెడతాం. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక బేగంపేట నుంచి మామూలు ప్యాసింజర్ ఫ్లైట్లు ఆగిపోయాయి గానీ వీఐపీ ఫ్లైట్లు, మాలాంటి చిన్న విమానాలు ఇప్పటికీ అక్కడ దిగుతాయి. ఆ కింగ్ ఎయిర్‌కి నేను కమాండర్ని, అంటే ఎడమ సీట్లో కూర్చునే కెప్టెన్‌ని. ఇప్పుడు ఇది వదిలేసి ఎయిర్‌లైన్‌కి వెళ్ళాలా వద్దా అని కొన్ని నెలలుగా ఇంట్లో అదే చర్చ, అడిగేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు కాబట్టి ఆ ఆలోచనంతా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒకటి చెప్పాలి, నాకు ఈ ఉద్యోగం అంటే చాలా ఇష్టం. ఎయిర్‌లైన్‌లో అయితే పైలట్ వచ్చేసరికి ఫ్లైట్ ప్లాన్ రెడీగా ఉంటుంది, లోడ్ షీట్ చేసేవాళ్ళు వేరు, బ్యాగులు ఎక్కించేవాళ్ళు వేరు. మాకు అన్నీ మేమే. తెల్లారకముందే వెళ్ళి వెదర్ చూసుకుని, ప్లాన్ ఫైల్ చేసి, ఫ్యూయల్ బౌజర్ పిలిపించి, ట్యాంకుల కింద డ్రెయిన్ చేసి నీళ్ళేమైనా చేరాయేమో గ్లాసులో పట్టి చూసి, క్యాబిన్లో సీట్ బెల్టులు వరసగా పరిచి, ఐస్ బాక్సు, పేపర్లు, ఫ్లాస్కులో పంచదార లేని కాఫీ అన్నీ సర్ది, అప్పుడు చేతులు కడుక్కుని మెట్ల దగ్గర నిలబడతాం. ఇవాళ కడప, రేపు షిర్డీ, ఎల్లుండి ఎక్కడికో ఆ రాత్రికి గానీ తెలీదు. చిన్న రన్‌వే, పక్కన గాలి, ఆటోపైలట్ తీసేసి చేత్తో పట్టుకుని దింపితే వచ్చే తృప్తి వేరే ఎక్కడా నాకు దొరకలేదు.

ఇంకా మన వైపు వచ్చినప్పుడైతే చెప్పక్కర్లేదు. రాజమండ్రి దగ్గర కాస్త కిందకి వచ్చాక ఎడమ కిటికీలోంచి ధవళేశ్వరం బ్యారేజీ కనిపిస్తుంది, అక్కణ్ణుంచి గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండుగా విడిపోయి, మధ్యలో కోనసీమంతా ముదురు ఆకుపచ్చగా, తోటల చివర సముద్రం వైపు రొయ్యల చెరువులు గళ్ళు గళ్ళుగా ఎండకి మెరుస్తూ ఉంటాయి. వరదల టైమ్‌లో అయితే ఎర్రనీళ్ళు సముద్రంలోకి చాలా దూరం వెళ్ళడం పైనుంచి స్పష్టంగా తెలుస్తుంది, ఉప్పునీటికీ ఏటినీటికీ మధ్య గీత గీసినట్టు ఉంటుంది. చిన్నప్పుడు ఓఎన్జీసీ వాళ్ళ హెలికాప్టర్లు సముద్రంలో రిగ్గుల వైపు వెళ్తుంటే డాబా ఎక్కి చూసేవాళ్ళం, నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

అసలు కార్పొరేట్‌లోకి ఎందుకు వచ్చానంటే, ఏరి కోరి రాలేదు. మా నాన్నగారిది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం, తోట తాకట్టు పెట్టి నాకు సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేయించారు. రెండొందల గంటలు పూర్తి చేసుకుని లైసెన్స్ చేతికొచ్చేసరికి 2012 అక్టోబర్లో కింగ్‌ఫిషర్ మూతపడింది. వేల గంటలున్న కెప్టెన్లే రోడ్డున పడితే మాలాంటి కొత్తవాళ్ళని ఎవరు తీసుకుంటారు? కొన్నేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి ఒక చార్టర్ కంపెనీలో కో-పైలట్‌గా దొరికితే కళ్ళకద్దుకుని చేరాను, అక్కణ్ణుంచి ఇక్కడికి. ఇప్పుడు కాలం మారింది. 2023లో ఎయిరిండియా 470 విమానాలకి, ఇండిగో ఒక్కసారే 500 విమానాలకి ఆర్డర్ పెట్టాయి, అవి వస్తున్నకొద్దీ పైలట్లు కావాలి. మన రాజమండ్రి ఎయిర్‌పోర్ట్, మధురపూడి సంగతే చూడండి, ఒకప్పుడు ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ల ప్యాసింజర్ విమానం వచ్చి దిగడమే గొప్ప, రన్‌వే పొడిగించాక ఎయిర్‌బస్సులు దిగుతున్నాయి, 2024 డిసెంబర్ నుంచి ఢిల్లీకి కూడా డైరెక్ట్ ఫ్లైట్ వచ్చేసింది.

మరి ఇంకేం, వెళ్ళిపోవచ్చు కదా అంటారు. అంత సులువు కాదు. ఎయిర్‌లైన్‌లో సీనియారిటీ అనేది చేరిన తేదీ నుంచి మొదలవుతుంది, బయట ఎన్నేళ్ళు కమాండ్ చేసినా లెక్కలోకి రాదు, కుడి సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా మొదలుపెట్టాలి. ఇంకో చిక్కు ఉంది, అది మాలాంటివాళ్ళకి బాగా తగులుతుంది. కింగ్ ఎయిర్ బి200 గరిష్ఠ టేకాఫ్ బరువు 12,500 పౌండ్లు, అంటే 5,670 కిలోలు. రూల్స్‌లో చిన్న విమానానికీ పెద్ద విమానానికీ గీత 5,700 కిలోల దగ్గర ఉంటుంది, అనుభవం ఉన్నవాళ్ళు కావాలి అని వచ్చే ప్రకటనల్లో చాలావాటికి ఆ గీత పైన చేసిన గంటలే కావాలి. ముప్ఫై కిలోల తేడా అండి, దానివల్ల వానల్లో, రాత్రుళ్ళు, కొండల మధ్య నేను చేసిన కమాండ్ గంటలు చాలాచోట్ల పక్కకి పోతాయి. ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి ఉండాల్సిన పెద్ద లైసెన్స్ ఏటీపీఎల్‌కి కావలసిన పదిహేను వందల గంటలు దాటి చాలా కాలమైంది, లైసెన్స్ ఉంది, అయినా సరే. పైగా టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి చేసే ట్రైనింగ్, సొంతంగా చేసుకోవాలంటే మళ్ళీ లక్షలు, కంపెనీ చేయిస్తే ఇన్నేళ్ళు వదలకూడదని బాండ్.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా బావ ఇదే పట్టుకున్నాడు. "అదేంట్రా, ఇన్నాళ్ళు కెప్టెన్‌గా చేసి మళ్ళీ పక్క సీట్లో కూర్చుంటావేటి, ఊళ్ళో ఎవరైనా అడిగితే ఏం చెప్తాం" అని. నాన్నగారు మాత్రం అప్పు సంగతి ఒక్కటే అడిగారు, మళ్ళీ ఎంత అవుద్ది రా అని. చెప్పాను. సరే చూద్దాంలే అన్నారు, అంతే. బావ అడిగినదాన్ని నేను తేలిగ్గా తీసుకోను, కెప్టెన్ నాలుగు గీతలు భుజం మీద నుంచి తీసి ఫస్ట్ ఆఫీసర్ మూడు గీతలు పెట్టుకోవడం నాకూ కష్టమే. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న కెప్టెన్ పక్కన కూర్చుని చెక్‌లిస్ట్ చదవాల్సి వస్తుంది. చదువుతా. దానికి మనసు సిద్ధం చేసుకున్నా.

జీతం కన్నా పెద్ద విమానం కన్నా నన్ను లాగుతున్నవి రెండు.

మొదటిది రోస్టర్, అంటే ఏ రోజు డ్యూటీ ఏ రోజు సెలవు అన్న పట్టిక. సంక్రాంతికి మా సార్, అంటే కంపెనీ యజమాని, వాళ్ళ కుటుంబాన్ని తీసుకుని రాజమండ్రి వచ్చాం, వాళ్ళు కార్లలో భీమవరం వైపు వెళ్ళారు. సాయంత్రం తిరిగి వెళ్ళినా వెళ్ళొచ్చు, రెడీగా ఉండండి అన్నారు. మా ఇల్లు అక్కణ్ణుంచి రెండు గంటల దారి లోపే, కానీ కదలడానికి లేదు, ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలీదు. కనుమ నాడు నాన్నగారు కారేసుకుని ఎయిర్‌పోర్ట్ గేటు దాకా వచ్చి క్యారేజీ ఇచ్చారు, గారెలు, కోడికూర, ఒక డబ్బాలో అరిసెలు. మా కో-పైలట్ కుర్రాడిది కర్ణాటక, అతనికి కూడా విడిగా కట్టి పంపింది అమ్మ. పార్కింగ్‌లో కాసేపు నిలబడి మాట్లాడుకున్నాం, ఎండెక్కుతోంది బయల్దేరతానని నాన్నగారు వెళ్ళిపోయారు. సార్ ఆ రోజు రాలేదు, మర్నాడు కూడా రాలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను, విమానం పెట్టుకున్నదే అందుకు. ఎయిర్‌లైన్‌లో పండక్కి సెలవు దొరుకుతుందని కాదు, అసలు పండగలకే రద్దీ ఎక్కువ, కానీ రోస్టర్ ముందే చేతికొస్తుంది, ఏ రోజు ఇంట్లో ఉంటానో అమ్మకి చెప్పగలను. మా పాప స్కూల్లో ఫలానా రోజు ప్రోగ్రాం ఉంది నాన్నా అంటే చూస్తాలే అమ్మా అని తప్పించుకోకుండా వస్తాననో రాననో చెప్పగలను.

రెండోది ఇంకా పెద్దది, కుదరదు అని చెప్పడం.

మా కోనసీమలో ఎవర్ని అడిగినా 2002 మార్చి 3 గుర్తుంటుంది. మా అమలాపురం ఎంపీ, అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు హెలికాప్టర్‌లో వెళ్తూ కైకలూరు దగ్గర కూలి చనిపోయారు. నేను బడిలో చదువుకునే రోజులు, మా వీధిలో ఆ రాత్రి పొయ్యి వెలిగించినవాళ్ళు లేరు. తర్వాత 2009 సెప్టెంబర్ 2, రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్, వానలో నల్లమల మీద. ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరున్న వారధి మీద వెళ్ళినప్పుడల్లా మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, బాబూ వాతావరణం బాగోకపోతే ఎవరు చెప్పినా వెళ్ళకు అంటుంది. ఆ మాట నిలబెట్టుకోవడమే నా ఉద్యోగం మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన పని.

ఒక మే నెల సాయంత్రం సంగతి చెప్తాను. రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్ళాలి. మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేసింది, నాలుగయ్యేసరికి పడమటి దిక్కున మబ్బులు లేచాయి. మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ తీసి చూస్తే మా దారికి అడ్డంగా ఎరుపు, పక్కనుంచి తప్పించుకు పోదామన్నా సందు లేదు, గంట గంటకీ ఇంకా చిక్కబడుతోంది. క్యుములోనింబస్, అంటే ఉరుములు మెరుపుల మబ్బు, దాని దగ్గరకి పోకూడదు, అంతే, అందులో వాదన లేదు. ఈ రాత్రికి కుదరదు, పొద్దున్నే వెళ్దాం అని చెప్పాను. ముందు సెక్రటరీ ఫోన్, తర్వాత మేనేజర్, ఆ తర్వాత ఎవరో నాకు పరిచయం లేనాయన చేసి, ఫలానా వాళ్ళ పైలట్ అయితే ఈపాటికి వెళ్ళిపోయి ఉండేవాడు అన్నారు. వెళ్ళొచ్చేమో సార్, నేను వెళ్ళను అన్నాను. ఇంకో గంటకి రాజమండ్రిలో కూడా ఈదురుగాలి, రేకులు లేచిపోయే వాన. మర్నాడు పొద్దున్న ఆకాశం కడిగినట్టు ఉంది, దారి పొడవునా వెనక క్యాబిన్ నుంచి ఒక్క మాట లేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఉద్యోగం పోలేదు, సార్ తర్వాత మామూలుగానే ఉన్నారు. కానీ ఆ రాత్రి హోటల్ గదిలో నాకు నిద్ర పట్టలేదు. నిర్ణయం మీద అనుమానంతో కాదు, నాకు జీతమిచ్చే మనిషికి, నా ఫోన్ నంబర్ ఉన్న మనిషికి, ఒక్కణ్ణే నిలబడి ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు.

ఎయిర్‌లైన్‌లో ఒత్తిడి ఉండదని అనను. కానీ అక్కడ వెనక కూర్చున్న నూట ఎనభై మందిలో ఎవరి దగ్గరా కెప్టెన్ ఫోన్ నంబర్ ఉండదు. దిగడానికి కావలసిన కనీస వాతావరణం, అంటే మినిమా, కంటే కింద ఉంటే దిగరు, వేరే ఎయిర్‌పోర్ట్‌కి డైవర్ట్ చేస్తారు, రన్‌వే వైపు దిగే అప్రోచ్ సరిగ్గా కుదరకపోతే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి ఎక్కించేస్తారు, అది రాసి పెట్టిన పద్ధతి, ప్రతి ఫ్లైట్ డేటా తర్వాత చూసేవాళ్ళుంటారు. పక్క సీట్లో ఉన్న ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా గో-అరౌండ్ అని పిలిచే హక్కుంది, ఆ మాట వినపడ్డాక కెప్టెన్ వాదించకుండా ఎక్కించాల్సిందే. మూడు గీతలతో కూర్చున్నా ఆ హక్కు నాకు ఉంటుంది, అది చాలు.

అక్కడి కష్టాలు కూడా నాకు తెలీకుండా లేవు. రోజుకి నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ఫ్లైట్లు, తెల్లవారుజామున మూడింటికి పికప్. అలసట గురించి పైలట్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2024 జనవరిలో కొత్త డ్యూటీ రూల్స్ తెచ్చింది, వారానికి వరసగా 36 గంటలుండే విశ్రాంతిని 48 చేసింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించింది. ఆ రూల్స్ రెండో విడత 2025 నవంబర్లో అమల్లోకి వచ్చాక డిసెంబర్ మొదట్లో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయ్యాయి, జనం ఎయిర్‌పోర్టుల్లో పడుకోవడం అందరం టీవీల్లో చూశాం, కొన్ని రూల్స్‌కి తాత్కాలికంగా మినహాయింపు కూడా ఇచ్చారు. అది చూసి నాకు చాలా బాధేసింది, విశ్రాంతి అనేది సర్దుబాటు చేసుకునే విషయం కాదు. ఇంకా నోటీస్ పీరియడ్ ఒకటి, కో-పైలట్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది, చేరాక నచ్చలేదని మర్నాడే వచ్చేయడం కుదరదు. ఇవన్నీ మా ఆవిడకి కూడా కూర్చోబెట్టి చెప్పాను. ఆమె అడిగింది ఒకటే, బేస్, అంటే ఏ ఊరి నుంచి డ్యూటీ, ఎక్కడిస్తారు అని. హైదరాబాద్ అడుగుతా, ఇస్తారన్న గ్యారంటీ లేదు.

ఎయిర్‌బస్సా ఏటీఆరా అన్నదాని మీద నా స్నేహితులు రెండు వర్గాలయ్యారు. ఎయిర్‌బస్ ఏ320కి వెళ్తే తలుపులన్నీ తెరుచుకుంటాయి, నిజమే. కానీ నేను చేత్తో నడిపినవాణ్ణి, అందులో చేతిపక్కన చిన్న సైడ్‌స్టిక్, ఇంజన్ పవర్‌ని దానంతటదే సర్దే ఆటోథ్రస్ట్ పనిచేస్తున్నప్పుడు థ్రస్ట్ లివర్లు కూడా కదలవు, ఇంజన్ ఏం చేస్తుందో అంకెల్లో చూసి తెలుసుకోవాలి, ఇన్నేళ్ళు చేతికి తగిలే కదలికని నమ్ముకున్నవాడికి అదంతా కొత్తగా నేర్చుకోవడమే. ఏటీఆర్ 72 అయితే నాకు తెలిసిన టర్బోప్రాపే, బరువు 23 టన్నుల దాకా ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన 5,700 గొడవ తీరిపోతుంది, చిన్న ఊళ్ళ రన్‌వేలు, వాన, గాలి, నేను ఇష్టపడే పనంతా అందులోనే ఉంది. జీతం ఎయిర్‌బస్ వాళ్ళకంటే తక్కువే రావచ్చు. నా మనసు ఏటీఆర్ మీదే ఉంది.

మా చీఫ్ పైలట్‌కి దాచకుండా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, మన కో-పైలట్ కుర్రాడికి కమాండ్ వచ్చేదాకా మాత్రం ఉండు అన్నారు, న్యాయమే, ఉంటా అన్నాను. ఇప్పుడు ఖాళీ దొరికినప్పుడల్లా అతనికి చిన్న రన్‌వేలు, పక్కగాలి, వానలో అప్రోచ్‌లు, నాకు తెలిసినవన్నీ చేయిస్తున్నా, ఫోన్లు వచ్చినప్పుడు కుదరదని ఎలా చెప్పాలో కూడా. రాత్రుళ్ళు ఏటీఆర్ సిస్టమ్స్ చదువుతున్నా, ఆ ఇంజన్, ప్రొపెల్లర్ బ్రేక్, రెక్కల మీద మంచు పేరుకోవడం గురించిన ఐసింగ్ చాప్టర్ మరీ జాగ్రత్తగా. ఏటీఆర్‌కి ప్రకటన పడగానే అప్లికేషన్ పెట్టేస్తా. కార్పొరేట్ గురించి గానీ సీపీఎల్ ఖర్చుల గురించి గానీ అడగాలనుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మొహమాటపడకుండా అడగండి, తోట తాకట్టు పెట్టేముందు తప్పకుండా అడగండి.