భీమిలి దాకా ఒక లాంగ్ రన్

హాఫ్ మారథాన్‌కు తయారయ్యేవారు వారంలో ఏ పరుగునైనా మానుకుంటారేమో గాని, ఆదివారం తెల్లవారుజామున చేసే లాంగ్ రన్‌ను మాత్రం వదులుకోరు. పోటీనాడు 21.1 కిలోమీటర్లు నిలవాల్సిన కాళ్లకు అసలైన తర్ఫీదు ఆ పరుగుతోనే అందుతుంది. హైదరాబాదులో నాకు లాంగ్ రన్ అంటే కేబీఆర్ పార్కు చుట్టూ ప్రదక్షిణలే. పార్కు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చెట్ల నీడ ఉంటుంది, తోటి రన్నర్లు కనిపిస్తారు, నీళ్ల సీసా బండిలో పెట్టుకుని ప్రతి చుట్టుకూ ఒక గుక్క తాగవచ్చు. అయితే ఆ బండితోనే చిక్కు. చుట్టు ముగిసిన ప్రతిసారీ అది కంటపడి ఇక చాలు, ఇంటికి పోదామన్న ఆలోచన పుట్టిస్తుంది. కాళ్లలో సత్తువ ఇంకా మిగిలి ఉండగానే మనసు విసిగిపోతుంది. అందుకే ఒక ఊళ్లో మొదలై మరో ఊళ్లో ముగిసే దారి మీద, మధ్యలో మానేస్తే ఎటూ కాకుండా పోయే దారి మీద లాంగ్ రన్ చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆగస్టు చివర జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు పేరు ఇచ్చి, తయారీ సగంలో ఉండగా, బంధువుల పెళ్లికి జూలైలో విశాఖ వెళ్లవలసి వచ్చింది. పెళ్లి బాగా జరిగింది, దాని గురించి ఇక్కడ చెప్పవలసింది ఏమీ లేదు. మరునాడు ఆదివారం. ఆ వారం నా తర్ఫీదు పట్టికలో రాసి ఉన్న దూరం 16 కిలోమీటర్లు. రుషికొండ నుంచి తీరం వెంబడి భీమిలి కూడా ఇంచుమించు అంతే దూరం. ఇక రెండో ఆలోచన అవసరం లేకపోయింది.

రుషికొండ దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. శని, ఆదివారాలని చెప్పి అద్దె దాదాపు రెట్టింపు వసూలు చేశారు, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని మరికొంత కలిపారు. అంత తీసుకున్నవారు తెల్లవారుజామున నాలుగున్నరకు గేటు తీయడానికి మనిషిని పెట్టలేదు. కాపలాదారును లేపి, తాళంచెవులు వెతికించి, బయటపడేసరికి ఐదయింది. వేసవి, వర్షకాలాల్లో తీరప్రాంతంలో పరుగెత్తేవారికి ఆ అరగంట విలువ తెలుసు. విశాఖలో జూలైలో ఐదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, ఏడున్నర దాటాక రోడ్డు మీద నిలబడటమే కష్టం.

మన దేశంలో వాహనాలు ఎడమవైపు వెళ్తాయి కాబట్టి, ఎదురుగా వచ్చే బండి కంటికి కనబడేలా రన్నరు కుడి అంచున పరుగెత్తాలి. భీమిలి వైపు వెళ్లేటప్పుడు ఆ కుడి అంచే సముద్రం వైపు ఉంటుంది. జాగ్రత్త కోసం పెట్టుకున్న నియమం వల్లనే దారి పొడవునా అలల పక్కన పరుగెత్తే భాగ్యం దొరికింది. అయితే వాన నీరు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. అంచునే పట్టుకుని పోతే కుడిపాదం ప్రతి అడుగులోనూ కాస్త కిందికి దిగుతుంది, పది కిలోమీటర్లు దాటేసరికి మోకాలి పక్కన లాగుడు మొదలవుతుంది. బండ్లు లేనంతసేపు రోడ్డు మధ్యకు, వస్తున్న చప్పుడు వినగానే అంచుకు, ఇలా మారుతూ వెళ్లాను.

రామానాయుడు స్టూడియో ఉన్న కొండ దాటేలోపే బనియను ఒంటికి అంటుకుపోయింది. హైదరాబాదులో ఇదే వేగానికి చెమట ఆరిపోతూ ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ గాలిలోనే తేమ నిండి ఉండటంతో చెమట ఆరదు, మోచేతుల మీదుగా కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరినప్పుడే చల్లబరుస్తుంది. దానికి తోడు ఆ నెలల్లో వీచేది నైరుతి గాలి, నేను వెళ్లేది ఈశాన్యానికి. వెనుక నుంచి గాలి తోడ్పడితే సుఖమని అందరూ అనుకుంటారు. ఆ గాలి దాదాపు నా వేగంతోనే వీస్తుండటంతో, నా చుట్టూ గాలే లేనట్టు ఉక్కపోసింది. హైదరాబాదులో చేసే వేగానికే వాచీలో గుండె వేగం పది, పన్నెండు ఎక్కువ చూపించింది. అప్పుడు చేయవలసింది ఒకటే, వేగం తగ్గించడం. లాంగ్ రన్ అసలు లక్ష్యమే అది. పక్కవారితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా, చాలాసేపు పరుగెత్తినప్పుడే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకోవడానికి అలవాటుపడుతుంది, కండరాల్లో చక్కెర దాగి ఉండే గ్లైకోజన్ నిల్వలు చివరిదాకా మిగులుతాయి. ఈ సంగతి చదివినవారందరికీ తెలుసు. పార్కులో మాత్రం ఎవరో ఒకరు దాటి వెళ్లగానే కాళ్లు వాటంతటవే తొందరపడతాయి. ఈ రోడ్డు మీద నన్ను దాటివెళ్లింది పాల బండ్లూ, ఈకలు రాలుస్తూ పోయిన ఒక కోళ్ల వ్యానూ మాత్రమే.

ఎడమవైపు తొట్లకొండ కనిపించింది. పైన రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామం శిథిలాలు ఉన్నాయి. పైకెక్కడం ఆనాటి పనిలో లేదు కనుక కింది నుంచే చూస్తూ సాగిపోయాను. ఇంత ఎత్తున, ఎదుట ఇంత సముద్రం పెట్టుకుని వర్షకాలం గడిపిన భిక్షువుల మీద కాసేపు అసూయ కలిగింది.

మంగమారిపేట దగ్గర ఆగాను. ఆగాలని అనుకోలేదు. ఒడ్డున మత్స్యకారులు అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్లు, రెండు వరసల మనుషులు, మధ్య దూరంగా నీటిలో వల గుండ్రంగా ఉంది. మడమలు ఇసుకలో దిగేసి, నడుము వెనక్కి వాల్చి, ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తున్నారు. వరసలో అందరికంటే వెనకున్నవాడు తాడు చుట్ట వేసి వదిలేసి, నింపాదిగా నీటి అంచుకు నడిచివెళ్లి, అక్కడ కొత్తగా బయటికొచ్చిన తాడు పట్టుకుని వరసకు మొదటివాడవుతున్నాడు. కాసేపటికి అతనే మళ్లీ చివరికి చేరుతున్నాడు. ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరూ ఆగడం లేదు. తాడు మీద నీరు పిండినట్టు కారి, వారి అరచేతుల కింద ఇసుకలో చిన్న చిన్న గుంటలు చేస్తోంది. చీకటితో మొదలుపెట్టారట, వల ఒడ్డుకు చేరడానికి ఇంకో గంట పడుతుందట. వాచీ ఆపి, నీళ్లు తాగుతూ, పట్టికలో లేని ఆ విరామాన్ని ఎంత ఇష్టంగా తీసుకున్నానో చెప్పలేను.

తాడు వదిలి నీటి వైపు నడుస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి, “ఎందాకా బాబూ?” అని అడిగాడు.

“భీమిలి దాకానండీ.”

“ఉప్పాడ కాడ ఎండుసేపలు ఆరబెడతారు, కుక్కలుంటాయి. అక్కడ మాత్రం పరిగెట్టకండి, నడిసెల్లిపొండి,” అని చెప్పి, నా జవాబు కోసం చూడకుండా తాడు అందుకున్నాడు.

విశాఖలో పరుగుల గురించి నాకు సలహాలిచ్చినవారు చాలామందే ఉన్నారు. బూట్ల గురించి, పరుగు మధ్యలో శక్తి కోసం మింగే జెల్‌ల గురించి, ఏ కొండ దగ్గర ఎంత ఎత్తు ఎక్కాలో కూడా చెప్పారు. ఆ దారిలో నిజంగా పనికొచ్చిన మాట చెప్పింది ఈయన ఒక్కడే. చేపలుప్పాడ దగ్గర పరదాల మీద చేపలు ఆరబోసి ఉన్నాయి, వాటి చుట్టూ అయిదారు కుక్కలు చెవులు రిక్కించి నిలబడ్డాయి. నేను చేతులు కిందికి వదిలేసి, వాటి వైపు చూడకుండా నడిచాను. ఒకటి కొంతదూరం వెంట వచ్చి, తన హద్దు అయిపోయిందన్నట్టు వెనక్కి మళ్లింది. ఆ నడక వల్ల గుండె వేగం కూడా దిగి, చివరి అయిదు కిలోమీటర్లకు కాళ్లు మళ్లీ తేలికపడ్డాయి.

ఎర్రమట్టి దిబ్బలు వచ్చేసరికి ఎండ ముదిరింది. ముందురోజు రాత్రి గట్టి వాన పడటంతో దిబ్బల మధ్య వాగులో నీరు ఎర్రగా పారుతోంది, అది కలిసిన చోట సముద్రం కూడా కొంతమేర ఎర్రబారి ఉంది. వేల ఏళ్లుగా గాలి, సముద్రం, వాన కలిసి పోగుచేసిన ఇసుక ఇది. రేణువుల చుట్టూ పట్టిన ఇనుము ఆక్సైడ్ వల్ల ఈ రంగు వచ్చింది. భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన దిబ్బల్లో, నేను చూసిన చోట మోటారు సైకిళ్ల చక్రాల చాళ్లు పడి ఉన్నాయి. ఒక వానకు చెదిరిపోయే మట్టి మీద బండ్లు నడిపించడం చూస్తే మనసుకు బాధ కలిగింది. లోపలికి వెళ్లకుండా, రోడ్డు మీది నుంచే చూసి కదిలాను.

ఆ తర్వాతి రెండు కిలోమీటర్లు కాస్త కష్టంగానే సాగాయి. సీసాలో ఓఆర్‌ఎస్ అయిపోయింది, రోడ్డు తెల్లగా మెరుస్తోంది. కేబీఆర్‌లో అయితే ఈ దశలో ఇంకెన్ని నిమిషాలు అని వాచీ చూస్తూ ఉండేవాణ్ని. ఇక్కడ ఒక మలుపు తర్వాత దీపస్తంభం, అది దాటితే ఇళ్ల పెంకులు, ఆ తర్వాత గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అని లెక్కపెట్టుకున్నాను. అంకెల దూరం ఊళ్ల దూరంగా మారితే అలసట ఎంత తగ్గుతుందో నాకు ఆ రోజు అనుభవంలోకి వచ్చింది. భీమిలిలో అడుగుపెట్టాక వాచీ 16 దాటిందని గమనించాను, ఇంకా ముందే చూసి ఉండవలసింది కదా అని కూడా అనిపించలేదు.

డచ్చివారి పాత సమాధుల తోట పక్కగా, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఆ చిన్న ఊరి వీధుల్లో కాళ్లు సాగదీసుకుంటూ నడిచాను. రుషికొండలో 60 రూపాయలు చెప్పిన కొబ్బరి బొండాం ఇక్కడ 40కే దొరికింది. రెండు తాగాను. బోదకాళ్లలా బరువెక్కిన కాళ్లతో నది దాకా వెళ్లి, బొర్రా గుహలను తొలిచి అక్కడిదాకా వచ్చిన ఆ నీళ్లను మోకాళ్ల వరకు తగలనిచ్చి, బస్టాండుకు వచ్చాను. ఆటో అడిగితే రుషికొండకు ఒకాయన చెప్పిన ధర విని, మాట్లాడకుండా సిటీ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మంగమారిపేట దగ్గర వల ఒడ్డుకు వచ్చేసింది, చుట్టూ ఆడవాళ్లు గంపలతో గుమిగూడి బేరాలాడుతున్నారు. ఎంత చేప పడిందో బస్సు వేగానికి కనబడలేదు.

వచ్చే ఆదివారం నా పట్టికలో 18 ఉంది. దానికి కేబీఆర్‌కు వెళ్లను. లంగర్‌హౌస్‌లో బస్సు దిగి గండిపేట చెరువు దాకా పరుగెత్తి, దూరం తగ్గితే కట్ట మీద పూర్తిచేసి, అక్కడి నుంచి బస్సులోనే ఇంటికి రావాలని నిర్ణయించుకున్నాను. బండి ఇంట్లోనే ఉంటుంది.