చీకటి బిలాల్లో కొలువు

ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు వైద్యం) వైపు వెళ్దామా అని అడిగే మన కాలేజీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నాలుగు మాటలు. చదువు లెక్క తెలిసిందే: ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది, పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ గట్టెక్కితే ఎంఎస్ గానీ డీఎన్‌బీ గానీ, ఏ పీజీ అయినా మూడేళ్లు. హైదరాబాద్ కోఠి, విశాఖ ఈఎన్‌టీ ఆసుపత్రుల్లాంటి చోట సీటొస్తే ఓపీలోనే సగం విద్య వస్తుంది.

ముందు పట్టుబడాల్సింది కత్తి కాదు, వెలుగు. ల్యాంపు రోగి ఎడమ భుజం వెనక, చెవి ఎత్తున ఉండాలి. హెడ్ మిర్రర్ (నుదుటికి కట్టుకునే, నడుమ రంధ్రమున్న గుండ్రటి అద్దం) కుడి కంటి మీదికి దించి, రంధ్రంలోంచి చూడాలి. ఎడమ కన్ను మూశారా, లోతు తెలియదు. అద్దం ఫోకస్ సుమారు 25 సెం.మీ.; అత్యుత్సాహంతో ముందుకు వంగితే వెలుగు చెదిరిపోతుంది.

వినికిడి పరీక్షకు ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ) 512 హెర్ట్జ్‌ది తీసుకోండి. 128 అయితే రోగి శబ్దం వినడం కాదు, అదురు తెలిసి తల ఊపుతాడు. ఒక చెవి పూర్తిగా పోయినవాడికి రిన్నీ (ఫోర్కును చెవి ముందూ, చెవి వెనక ఎముక మీదా పెట్టి పోల్చే పరీక్ష) నెగెటివ్ వచ్చిందని, అంటే ఎముక మీదే బాగా వినిపిస్తోందని, మోసపోవద్దు. ఎముక గుండా వెళ్లిన శబ్దాన్ని బాగున్న చెవి వినేస్తుంది. వెబర్ పరీక్షలో, అంటే ఫోర్కు నుదుటి మధ్య పెట్టినప్పుడు, శబ్దం ఏ చెవి వైపు పోయిందో చూస్తే గుట్టు బయటపడుతుంది.

పిల్లల ముక్కులో పూస ఇరుక్కుంటే ఫోర్సెప్స్ (పట్టకారు) జోలికి పోకూడదు, జారి ఇంకా లోపలికి పోతుంది. కొక్కేన్ని పూస వెనక్కి పోనిచ్చి ముందుకు లాగాలి. చెవిలో శనగగింజ ఉంటే నీళ్లు కొట్టొద్దు, ఉబ్బుతుంది. బతికున్న పురుగైతే ముందు నూనె పోసి చంపాలి, కర్ణభేరికి చిల్లు లేదని తేలితేనే. బటన్ బ్యాటరీ అనే అనుమానం ఉంటే మాత్రం రేపటి ఓపీకి రమ్మనకండి. గంటల్లో కండను కాల్చేస్తుంది, ముక్కు మధ్య గోడకు చిల్లు పడుతుంది.

ఇక టెంపోరల్ బోన్, అంటే చెవిని పొదువుకున్న కణత ఎముకను డ్రిల్‌తో తొలిచే ఆపరేషన్. పెద్దవాళ్లలో యాంట్రమ్ (చెవి వెనక ఎముకలోని గాలి గది) ఎముక ఉపరితలం నుంచి సుమారు ఒకటిన్నర సెం.మీ. లోతున ఉంటుంది. అంతకు మించి దిగినా అది దొరకలేదంటే దారి తప్పామనే అర్థం, ఆగాలి. ఫేషియల్ నర్వ్ (ముఖాన్ని కదిపే నరం) దగ్గర కటింగ్ బర్ (ఎముకను కోసే పళ్లున్న డ్రిల్ మొన) పక్కన పెట్టి డైమండ్ బర్ (మెల్లగా అరగదీసే మొన) పట్టాలి. నరం వెంబడే నడపాలి గానీ అడ్డంగా కాదు. నీళ్ల ధార ఆగితే బర్ వేడికే నరం దెబ్బతిని మూతి వంకర పోతుంది. నా లెక్కలో పది శవ ఎముకలైనా తొలవనివాళ్లు మనిషి చెవి మీద డ్రిల్ పెట్టకూడదు. ఎముకలు కావాలంటే పీజీలో చేరిన మొదటి నెలలోనే అనాటమీ వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి.