చప్పుడు ఎక్కడిదో తేలేదాకా పానా ముట్టొద్దు

హైదరాబాద్ వర్క్‌షాపుల్లో పని నేర్చుకుని దుబాయ్, షార్జా గ్యారేజీలకు వెళ్లే మన కుర్రాళ్ల చేతిపనికి ఎవరూ వంక పెట్టలేరు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చెయ్యి) విప్పమంటే పక్కవాడు చాయ్ తాగి వచ్చేలోపు విప్పి కింద పెడతారు. చిక్కంతా అంతకు ముందే. స్పోర్ట్స్ కారు యజమాని వచ్చి ముందు వైపు ఏదో చప్పుడంటాడు. బండి తీసుకునే అడ్వైజర్ జాబ్ కార్డు (పని చీటీ) మీద ఆ ఒక్క ముక్కే రాస్తాడు. మనవాడు బండిని లిఫ్ట్ ఎక్కించి లింక్ రాడ్లు మార్చేస్తాడు. రెండు రోజులకు అదే కారు మళ్లీ గేటు దగ్గర నిలబడుతుంది. ఇలా తిరిగొచ్చిన పనికి పట్టే గంటలకు కస్టమర్ దగ్గర పైసా వసూలు కాదు. గంటల లెక్కన ఇన్సెంటివ్ ఇచ్చే గ్యారేజీలో ఆ కోత నెలాఖరుకు జీతంలోనే తెలుస్తుంది.

ఇక్కడి చెవికి అక్కడి చప్పుళ్లు అలవాటు కావడానికీ కొంత టైం పడుతుంది. అక్కడ హైవే నున్నగా ఉంటుంది కాబట్టి డ్యాష్‌బోర్డులో వచ్చే సన్నటి కటకట కూడా ఓనరు చెవిన పడుతుంది. ఇక్కడైతే అది గుంతల హోరులో కలిసిపోతుంది. పాడయ్యే తీరు కూడా వేరు. గల్ఫ్ ఎండకు రబ్బరు గట్టిపడి పగులుతుంది, ఇసుక, సన్నరాళ్లు బ్రేక్ డిస్క్‌కూ దాని వెనక రేకుకూ మధ్య ఇరుక్కుని కీచుమని గీరుతాయి. హైదరాబాద్‌లో వానాకాలం గుంతలకు రిమ్ము వంగుతుంది, స్పీడ్ బ్రేకర్లకు కింది ప్లాస్టిక్ ట్రే క్లిప్పులు ఊడి లొడలొడలాడతాయి. అందుకే అక్కడ పని చేసి వచ్చినవాడు ఇక్కడ ముందు బుష్ (ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు మెత్త) వైపు చూస్తాడు, ఇక్కడి నుంచి వెళ్లినవాడు అక్కడ ముందు రిమ్ము వైపు చూస్తాడు. ఇద్దరూ అలవాటు కొద్దీ పొరపడతారు.

తాళం చేతికి రాగానే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎంత వేగంలో వస్తోంది? పొద్దున తీసిన వెంటనేనా, బండి వేడెక్కాకా? స్టీరింగ్ తిప్పితేనా, బ్రేక్ తొక్కితేనా? ఒక పక్క చక్రం గుంతలో పడితేనా, రెండు చక్రాలూ ఒకేసారి బ్రేకర్ ఎక్కినా వస్తోందా? ఈ మధ్య టైర్లు, రిమ్ములు, స్ప్రింగులు ఏమైనా మార్పించారా? ఈ చివరిది కాస్త నెమ్మదిగా, నొప్పించకుండా అడగాలి. బయట ఎక్కడో స్ప్రింగులు మార్పించి బండి కిందికి దింపించుకున్న సంగతి వారంటీ పోతుందన్న భయంతో చాలామంది దాస్తారు.

తర్వాత ఓనరునే నడపమని పక్కన కూర్చోవాలి. "సార్, మీరే నడపండి, చప్పుడు వచ్చినప్పుడు చెయ్యెత్తండి" అంటే చాలు. ఈ మెట్టు దాటేస్తే మన చెవికి తగిలిన వేరే చప్పుడు పట్టుకుని, దాన్ని బాగుచేసి, ఆయన చెప్పింది అలాగే వదిలేస్తాం. టెస్ట్ రూటు ముందే ఖాయం చేసుకోవాలి. హైదరాబాద్‌లో అయితే కాలనీలో నాలుగు స్పీడ్ బ్రేకర్లు, పగిలిన సీసీ రోడ్డు ఒకటి, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లున్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే జాయింట్లు, వేగం మీద వచ్చే వణుకు కోసం పరిమితికి లోబడి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక ముక్క. ప్రతి బండినీ అదే దారిలో తిప్పుతుంటే చెవికి ఒక కొలత కుదురుతుంది. మంచి కండిషన్‌లో ఉన్న పోర్షే 911 ఫ్లైఓవర్ జాయింట్ మీద ఎలా పలుకుతుందో విననివాడికి అరిగిన బుష్ చప్పుడు తేడా ఎలా తెలుస్తుంది?

బండి కదిలే ముందు లోపల ఉన్నదంతా దింపాలి. డిక్కీలో టూల్ కిట్, గ్లవ్ బాక్సులో కళ్లజోడు, డోరు అరలో నాణేలు, వెనక సీటు బెల్టు బకిల్, ఆఖరికి నంబర్ ప్లేటు కూడా చూడాలి. సస్పెన్షన్ చప్పుడని వచ్చిన బండిలో జాక్ సరిగా బిగించకపోవడమే కారణం కావడం అరుదేమీ కాదు.

ఇక టైర్లు. కుదుపు ఎక్కువైందని వచ్చిన ఏ బండికైనా మొదట గాలే చూడాలి. 19 అంగుళాల రిమ్ము మీద 245/35 టైరంటే (వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 35 శాతం) పక్కగోడ ఎత్తు 86 మిల్లీమీటర్ల లోపే. ఆ కాస్త రబ్బరే గుంతకూ నడుముకూ మధ్య మొదటి మెత్త. 25 డిగ్రీల బేస్‌మెంట్‌లో 34 పీఎస్ఐ గాలి పెట్టిన టైరు, చక్రం తిరగకుండానే 45 డిగ్రీల ఎండలో 37 దాటుతుంది. నడిస్తే ఇంకా పెరుగుతుంది. అలాగని వేడి టైరులో గాలి తీసి 34కు దింపకూడదు, మర్నాడు పొద్దునకు తక్కువైపోతుంది. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీద ముందుకూ వెనకకూ వేరువేరు అంకెలుంటాయి, ఫుల్ లోడుకు ఇంకో వరస ఉంటుంది. పంచర్ షాపులో నాలుగింటికీ ఆ పెద్ద అంకే కొట్టి పంపడం రోజూ జరిగేదే. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చదవాలి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు నిండుగా కనిపించినా ముసలి రబ్బరు గట్టిపడి మోతా కుదుపూ రెండూ తెస్తుంది. పోర్షేకు ఎన్ గుర్తు, బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు ఉన్న టైర్లు ఆ కంపెనీ తన బండికి ఆమోదించిన రకాలు. సైజు ఒకటే కదా అని రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) వేయించుకుంటే వాటి పక్కగోడ బిగువుకు బండి గుణమే మారిపోతుంది.

వేగంతో పెరిగే హోరు టైరుదా, వీల్ బేరింగ్‌దా అన్న దగ్గర బేరింగులు అనవసరంగా మారిపోతుంటాయి. ఖాళీ రోడ్డు మీద వేగం ఒకేలా ఉంచి మెల్లగా కుడికి వంపు తిప్పితే బరువు ఎడమ చక్రాల మీదికి పోతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమ బేరింగ్‌ను, ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడిదాన్ని అనుమానించాలి. తారు నుంచి సీసీ రోడ్డు మీదికి ఎక్కగానే గొంతు మారితే అది చాలావరకు టైరే. దిగాక టైరు మీద అరచేతిని లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి జరిపి చూడాలి. ఒక వైపు నున్నగా జారి ఇంకో వైపు రంపంలా తగిలితే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది, అలైన్‌మెంట్ చేయించకుండా కొత్త టైర్లు వేసినా కొన్నాళ్లకు అదే మోత.

చిన్న గుంతల మీద టకటక వస్తూ, రెండు చక్రాలూ ఒకేసారి బ్రేకర్ ఎక్కినప్పుడు రాకపోతే ముందు యాంటీ రోల్ బార్ (బండి ఒరగకుండా రెండు పక్కల చక్రాలనూ కలిపే కడ్డీ) లింక్ రాడ్లు చూడాలి. రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ మెలి తిరగదు, లింక్ మీద బరువు పడదు. దీన్ని చేత్తో చూసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఒక్క చక్రమే జాక్ మీద లేపి లింక్‌ను ఊపుతారు. అప్పుడు బార్ మెలితిరిగి ఉండి లింక్‌ను బిగబట్టేస్తుంది, ప్లే (వదులు) ఉన్నా చేతికి తెలియదు. రెండు చక్రాలూ గాల్లో వేలాడుతున్నప్పుడే ఊపాలి. అప్పటికీ తేలకపోతే రెండు పక్కలా లింకులు విప్పేసి, బార్ దేనికీ తగలకుండా కట్టి, కాలనీలో మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. బండి మామూలు కంటే ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి ఆ స్థితిలో పెద్ద రోడ్డెక్కకూడదు. మళ్లీ బిగించేటప్పుడు లింక్ చివరి స్టడ్‌ను అలెన్ కీతో గానీ టార్క్స్‌తో గానీ పట్టుకోవాలి, లేకుంటే బాల్ తిరిగి దాని రబ్బరు బూటు చిరుగుతుంది.

ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ చూడటంలోనూ ఇలాంటి మెలికే ఉంది. స్ట్రట్ (స్ప్రింగూ షాకరూ ఒకే కట్టుగా ఉండేది) ఉన్న బండిలో చక్రం వేలాడదీసి ప్రై బార్‌తో ఎత్తి చూస్తే ప్లే తెలుస్తుంది. డబుల్ విష్‌బోన్‌లో (చక్రానికి పైనా కిందా ఒక్కో ఆర్మ్ ఉండే రకం) స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుని ఉంటే, అదే జాయింట్‌ను నొక్కిపెడుతుంది. అక్కడ ఆర్మ్ కింద జాక్ పెట్టి ఆ ఒత్తిడి తీశాకే ఊపాలి.

గుంతల మీద వచ్చే కటకట, నడుస్తూనే బ్రేక్ పెడల్‌ను తేలిగ్గా తాకించగానే ఆగిపోతే అది సస్పెన్షన్‌ది కాదు, బ్రేక్ ప్యాడ్లది. క్లిప్పులు, పిన్నులు చూస్తే సరి. ఒకే వేగంలో గేరు మార్చి చూసినప్పుడు చప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎంతో పాటు మారితే ఎగ్జాస్ట్ హీట్ షీల్డ్, హ్యాంగర్లు, ఇంజిన్ మౌంట్లు వెతకాలి. కిర్రుమనే బుష్‌ను పట్టడానికి నీళ్ల స్ప్రే చాలు. ఒక్కో బుష్ మీదే కొట్టి బండిని ఊపుతూ పోతే, తడిసిన ఏ బుష్ దగ్గర కిర్రు ఆగిందో అదే. ఆయిల్ స్ప్రే కొడితే ఆ పూటకు ఊరుకుంటుంది గానీ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నిలబడి స్టీరింగ్ తిప్పితే టంగుమని వచ్చేది స్ట్రట్ టాప్ మౌంట్ బేరింగ్. ఇంకొకరు స్టీరింగ్ తిప్పుతుండగా స్ప్రింగు మీద అరచెయ్యి ఆనిస్తే, అది బిగుసుకుని ఒక్కసారిగా వదలడం తెలుస్తుంది. వేళ్లు చుట్ల మధ్యకు పోకూడదు.

పాత చప్పుడు పోయి కొత్త కుదుపు వచ్చిందంటే, బుష్ బోల్టులు ఎలా బిగించారో అడగాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టు బిగియగానే కదలకుండా ఆగిపోతుంది, ఆర్మ్ కదిలినంత మేరా రబ్బరే మెలి తిరగాలి. లిఫ్ట్ మీద చక్రం వేలాడుతుండగా బిగించేస్తే, బండి కిందికి దిగి నేల మీద నిలబడగానే రబ్బరు అప్పటికే మెలిపడి ఉంటుంది. స్ప్రింగుకు తోడు ఈ మెలి కూడా పైకి తోస్తుంది. బండి కొద్దిగా ఎత్తుగా నిలబడుతుంది, చిన్న గతుకు కూడా ఎగరేసినట్టు తగులుతుంది, కొత్త బుష్ కొద్ది నెలలకే చిరుగుతుంది. విప్పే ముందే, బండి నేల మీద ఉండగా, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. బిగించేటప్పుడు ట్రాన్స్‌మిషన్ జాక్‌తో హబ్‌ను (చక్రం బిగించే భాగాన్ని) ఆ కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్ పట్టాలి. ఇంపాక్ట్ గన్‌తో గాల్లోనే కొట్టేసి దింపే అలవాటు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. బిగించింది ఇంకో గ్యారేజీ అయితే పార్టులు ఆర్డర్ పెట్టే ముందు ఆ బోల్టులు వదులు చేసి, కొలత మీద మళ్లీ బిగించి చూడాలి. పైసా ఖర్చు లేకుండా సగం కుదుపు పోయే సందర్భాలు ఉన్నాయి.

కిందికి దింపిన బండ్లది వేరే గొడవ. 30 మిల్లీమీటర్లు తగ్గించారంటే చక్రం పైకి లేచే దూరంలో అంత పోయినట్టే. చిన్న బ్రేకర్‌కే ధడ్‌మని తగిలితే అది బంప్ స్టాపా (షాకర్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు ఆపే దిమ్మ) కాదా అని తేల్చడానికి ఒక జిప్ టై చాలు. డస్ట్ కవర్ పైకి జరిపి, మెరిసే రాడ్డు చుట్టూ టై బిగించి, షాకర్ బాడీ మీద ఆనేదాకా కిందికి నెట్టి, అదే టెస్ట్ రూటు తిప్పాలి. షాకర్ నొక్కుకున్నప్పుడు బాడీ దాన్ని పైకి నెడుతుంది, తిరిగి సాగినప్పుడు అది అక్కడే ఉండిపోతుంది. లిఫ్ట్ ఎక్కించి చూస్తే టై బంప్ స్టాప్‌కు ఆనుకుని ఉందంటే ప్రయాణం మొత్తం అయిపోయింది. ఇక డ్యాంపర్ (షాకర్) మార్చి లాభం లేదు, స్ప్రింగో ఎత్తో మార్చాలి. తలకిందులుగా బిగించే షాకర్లలో రాడ్డు బయటికి కనిపించదు, వాటికి ఈ కిటుకు పనికిరాదు. చూశాక టై కత్తిరించి తీసేయడం మరవకూడదు.

కొత్త బండే గట్టిగా కొడుతోందంటే ఇంకో రెండు చూడాలి. ఓడలో వచ్చేటప్పుడు బండి ఊగకుండా కొన్ని కంపెనీలు స్ప్రింగుల మధ్య దిమ్మలు పెడతాయి, టైర్లలో గాలి కూడా ఎక్కువ కొడతాయి. డెలివరీకి ముందు ఆ దిమ్మ తీయడం మరిచిపోతే ఓనరు స్పోర్ట్స్ కారంటే ఇంతేనేమో అనుకుని నడుపుతుంటాడు. ఎలక్ట్రానిక్ డ్యాంపర్లున్న బండికి స్కానర్ ముందు, పానా తర్వాత. ఆడీ ఆర్8, కార్వెట్ లాంటి వాటి మ్యాగ్నెటిక్ డ్యాంపర్లలో ఇనుప రేణువులున్న ద్రవం ఉంటుంది, కరెంటును బట్టి దాని బిగువు మారుతుంది. ఏ రకమైనా వైరు ఊడితే బండి ఒకే స్థితిలో ఉండిపోతుంది, అది మెత్తనో గట్టో కంపెనీని బట్టి. కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్-షాకర్ సెట్లు) వేసిన బండ్లలో ఫాల్ట్ లైటు రాకుండా డమ్మీ మాడ్యూల్ పెడతారు కాబట్టి, స్కానర్ క్లీన్‌గా చూపించినా కింద కంటితో చూడాల్సిందే. షాకర్ మీద పల్చటి నూనె తేమ తప్పు కాదు, బొట్లు కారితేనే మార్చాలి.

కొన్ని చప్పుళ్లను బాగుచేయకూడదు, ఓనరుకు చెప్పాలి. రెండు ముక్కల ఫ్లోటింగ్ బ్రేక్ డిస్కులు కొద్దిగా గలగలమంటాయి. ట్రాక్ కోసం చేసిన బండ్లలో రబ్బరు బదులు లోహపు రోజ్ జాయింట్లుంటాయి, సౌండ్ మ్యాట్లు తగ్గించి ఉంటాయి, కంకర ఫెండర్ లోపల తగిలిన ప్రతిసారీ వినిపిస్తుంది. నమ్మించడానికి అదే మోడల్ ఇంకో బండి ఎక్కించి అదే రోడ్డు మీద తిప్పడం కంటే మంచి ఉపాయం లేదు. జాబ్ కార్డు మీద ఎంత వేగంలో, ఏ రోడ్డు మీద, ఏ పక్క, ఏం చేస్తే ఆగింది, టైర్ గాలి ఎంత అన్నవి రాసి ఆయన సంతకం తీసుకోవాలి. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా ఈ వివరాలకు అంకెలూ నాలుగు మాటలూ చాలు.