పేరుమోసిన పిల్లలమర్రి

మూడేండ్ల కింద ఒక ఉద్యోగం ఇంటర్వ్యూల "మీ ఊరి గురించి చెప్పు" అన్నరు, మాది మహబూబ్‌నగర్ పక్కన పల్లె కాబట్టి పిల్లలమర్రి సంగతి ఎత్తుకున్న, 700 ఏండ్ల చెట్టు అంటరు సర్, ఊడలు దిగి దిగి మూడెకరాల దాక పరుచుకున్నది, "ఇట్ ఈజ్ వెరీ నొటోరియస్" అన్న. ఎదురుంగ కూసున్న మేడం పెన్ను ఆపి "ఆ మాటకు అర్థం తెల్సా నీకు?" అని అడిగింది. "ఫేమస్ అని మేడం" అన్న. ఆమె ఇంకేం అడగలే, కాయితం మీద ఏదో రాసుకున్నది. ఉద్యోగం రాలే. ఆ ఒక్క మాటకే పోయిందని అనను గానీ, చిన్నప్పటి సంది ఆడుకున్న చెట్టును నా నోటితోనే చెడ్డ చేసిన అని చాన రోజులు మనసుల మెదిలింది.

నా తప్పు ఎక్కడున్నదో తర్వాత చూసుకున్న. కోచింగ్‌ల ఇచ్చిన జిరాక్స్ కట్టల "నొటోరియస్ - ప్రసిద్ధి చెందిన" అని ఉన్నది, అట్లాంటివి రోజుకు యాభై బట్టీ కొట్టినం. అర్థం ఉన్నది, కానీ ఆ మాట మంచోళ్లకు వాడుతరా చెడ్డోళ్లకు వాడుతరా అన్నది ఎవరూ రాయలే. ఒకనాడు పేపర్ల "పేరుమోసిన దొంగ అరెస్ట్" అని హెడ్డింగ్ చూసినప్పుడు తట్టింది, అరే, ఇదే కదా నొటోరియస్ అంటే! మనం పేరుమోసిన దొంగ అంటం, పేరుగాంచిన కవి అంటం, పేరుమోసిన కవి అని ఎవరన్నా అంటే చెవికే తేడా తెలుస్తది. రెండింట్లో పేరు ఉన్నది, కానీ ఒకటి నొటోరియస్, ఇంకోటి రినౌన్డ్. ఈ తేడా నాకు పుట్టినప్పటి సందే తెలుసు, ఇంగ్లీష్‌ల తెల్వకపోయింది అంతే.

ఆ రోజు నుంచి అర్థాలు రాసుడు బంద్ చేసి జోడీలు రాసుడు మొదలువెట్టిన. ఫ్రూగల్ అంటే పొదుపరి, పార్సిమోనియస్ అంటే పిసినారి, ఇద్దరూ పైసలు ఖర్చు పెట్టరు కానీ ఒకల్ని మెచ్చుకుంటం, ఇంకొకల్ని తిట్టుకుంటం. డిసింజెన్యువస్ అంటే నంగనాచి మాటలు. పెడాంటిక్ అంటే చాదస్తం. డిక్షనరీల "కపటమైన", "పాండిత్య ప్రదర్శన చేసే" అని ఉంటది, అది చదివితే తెల్లారే వరకే మర్చిపోతం, నంగనాచి అని రాసుకున్నంక ఒక్కసారి గూడ మర్చిపోలే.

అన్నిట్ల నాకు ఎక్కువ నచ్చింది టెనేషియస్. పట్టుదల అని రాసుకున్న, దాని పక్కన అబ్‌స్టినేట్ అంటే మొండి అని. తర్వాత దాని రూట్ వెతికితే లాటిన్‌ల టెనేరే, అంటే పట్టుకొనుడు. మన పట్టుదలల కూడ ఉన్నది పట్టే! రోమ్‌ల ఉన్నోళ్లకూ మనకూ చుట్టరికం లేదు, అయినా వదలకుండ ఉండేటోనికి ఇద్దరూ ఒకే తీర్న పేరు పెట్టిర్రు. టెనెంట్ కూడా ఆ రూటే, మా దిక్కు "పొలం కౌలుకు పట్టిండు" అంటరు సూడు, అట్లనే. ఇది తెల్సిన రాత్రి నేను నిద్రపోలే, అంత సంతోషమైంది.

ఇంగ్లీష్‌ల ఒకే పనికి ఇన్ని మాటలెందుకు అని పిల్లలు అడుగుతుంటరు, నేను వాళ్లకు మన తెలుగే సూపిస్త. 1066ల నార్మన్లు ఇంగ్లండ్ గెలిచినంక కొలువుల ఫ్రెంచ్ నడిచింది, చదువుల లాటిన్ ముందునుంచీ ఉన్నది, కింద ఊర్లల్ల పాత ఇంగ్లీష్ అట్లనే ఉన్నది. అందుకే ఆస్క్ ఊరి మాట, క్వశ్చన్ ఫ్రెంచ్ నుంచి వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్ మాట. మనకు గూడ అడుగుడు తెలుగు, ప్రశ్నించుడు సంస్కృతం, దర్యాప్తు ఫార్సీ నుంచి ఉర్దూల మీదుగ వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద ఉన్న జిల్లాల పుట్టినోనికి ఇది ఎవరు చెప్పాలె? అడిగిండు అంటే ఒకటి, దర్యాప్తు చేసిండు అంటే పోలీసోడు యాదికొస్తడు, ఇంటరాగేట్ కూడా అంతే బరువు.

మళ్లీ మళ్లీ చూసుకోవాలె అన్నది అందరూ చెప్పేదే. 1885లనే హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాలు బట్టీ కొట్టి, ఎన్ని రోజులకు ఎంత మర్చిపోతున్నడో తన మీదనే లెక్క కట్టిండు, మొదటి రోజే ఎక్కువ పోతదని తేల్చిండు. నేనైతే తెల్లారి ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి నోట్‌బుక్ తిప్పుత.

జోడీ దొరకకపోతే అవ్వను అడుగుత. ఆమెకు ఏబీసీడీలు రావు. మొన్న పైన్ దగ్గర ఆగిన, చెట్టు కాదు, ఒకల కోసం తలుచుకొని తలుచుకొని చిక్కిపోవుడు అనే అర్థం ఉన్న పైన్, పెయిన్‌కు ఇది చుట్టమే, రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చినయి. చిక్కుడుకాయ నారలు తీసుకుంట కూసున్నది, అడిగిన.

"దానికి మాట లేకేంది బిడ్డా, మనాది" అన్నది. చేతులు ఆగినయి. "మీ తాత బొంబాయికి కూలికి పోయిన ఏడు నాకు మనాది పట్టింది. గాజులు మోచేతి దాక జారుతుండె, దారం చుట్టుకొని ఏసుకునేదాన్ని."

నోట్‌బుక్‌ల పైన్ అని రాసి, పక్కన మనాది అని రాసి, కింద దారం చుట్టిన గాజులు అని రాసుకున్న.