లైటర్ చూసి ముత్యాలు కొనకండి

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ముత్యాల షాపులో కూర్చున్నామో లేదో, కౌంటర్ దగ్గరి కుర్రాడు ఒక ముత్యం తీసి, లైటర్ వెలిగించి మంటలో పెట్టాడు. "చూడండి మేడం, కాలదు, కరగదు. ఒరిజినల్." పక్క షాపులోనూ అదే లైటర్. ఆ తర్వాతి దాంట్లో అదనంగా బ్లేడుతో గీకి తెల్లటి పొడి కూడా చూపించారు. అప్పటికి మా వదినకి ఆవులింతలు, నాకు ఒళ్ళుమంట. ప్లాస్టిక్ కాదని తేలితే సరిపోతుందా? పెళ్ళికూతురి మెడలో వేసే హారానికి అదొక్కటే అర్హతా?

రాజమండ్రి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాం. ఆ రాత్రి నిద్ర సంగతి చెప్పను, తెలిసినవాళ్ళకి తెలుసు. సికింద్రాబాద్‌లో దిగగానే ఆటో ఎక్కడమే దండగ. చార్మినార్‌కి నాలుగొందలు అడిగాడు, పైగా దారి పొడుగునా "అక్కా, నాకు తెల్సిన దుకాణం ఉంది, ఫ్యాక్టరీ రేటుకే ఇస్తరు" అని ఒకటే పాట. అతని కమిషన్ మన బిల్లులోనే కలుస్తుందని వేరే చెప్పాలా! మెట్రోలో ఎంజీబీఎస్ దగ్గర దిగి మదీనా చౌరస్తా మీదుగా నడుచుకుంటూ వస్తే డబ్బులూ మిగిలేవి, షాపులూ చూసుకుంటూ వచ్చేవాళ్ళం.

అసలు విషయం తెలిసింది షాపుల్లో కాదు. ఒక మెట్ల పక్కన చిన్న చాప మీద కూర్చుని ముత్యాలు గుచ్చుతున్న పెద్దాయన దగ్గర. కాలి బొటనవేలికి దారం చుట్టుకుని, ఒక్కో ముత్యం ఎక్కించి, ముడి వేసి, గోటితో ఆ ముడిని ముత్యానికి ఆనించి బిగిస్తున్నాడు. ప్రతి ముత్యానికీ ముడే. ఎందుకంత చాకిరీ అంటే తలెత్తకుండానే, "తాగా తెగిందనుకో బేటీ, ఒకటే పోతది, అన్నీ పోవు. ఒకదానికొకటి రాసుకోవు కూడా" అన్నాడు. వదిన వెంటనే అక్కడే బైఠాయించింది. ఇక నన్నెవరు కదిలిస్తారు!

ఆయన లైటర్ తీయలేదు. రెండు పేట్లు చేతికిచ్చి పైనున్న ట్యూబ్‌లైట్ కింద పట్టుకోమన్నాడు. ఒకదాంట్లో ప్రతి ముత్యం మీదా ట్యూబ్‌లైట్ సన్నటి గీతలా, అంచులు స్పష్టంగా కనిపించింది. రెండోదాంట్లో మసక మసగ్గా తెల్లటి మచ్చ, అంతే, ఎండిపోయిన సున్నపు ఉండలా ఉంది. రెండూ అసలు ముత్యాలే. నిగ్గులోనే ఉంది తేడా అంతా, ధర పెరిగేదీ దాన్నిబట్టే. షాపులో తెల్లటి దీపాల వరద కింద ఏదైనా మెరుస్తుంది కాబట్టి గుమ్మం దాకా తీసుకొచ్చి పగటి వెలుతుర్లో చూడమన్నాడు. తర్వాత పేటని గుడ్డ మీద పరిచి వేలితో దొర్లించమన్నాడు. గుండ్రంగా లేనివి అక్కడే తడబడతాయి. మూడోది బెజ్జం. రంగు వేసిన ముత్యమైతే బెజ్జం చుట్టూ రంగు చిక్కగా పేరుకుని ఉంటుంది, పూత పూసిన గాజు పూసైతే అక్కడ పొర లేచి ఉంటుంది. చవగ్గా దొరికే నల్ల ముత్యాలు దాదాపు అన్నీ రంగు వేసినవేనట. సహజంగానే నల్లగా పెరిగే తహితీ దీవుల ముత్యం ధర వింటే మనం చాప మీంచి లేచిపోవడమే. లేత గులాబీ, ఊదా మాత్రం మంచినీటి ముత్యాలకి సహజంగానే వస్తాయి. వదిన ఇంకో పరీక్ష తనే చేసింది, మొహమాటం లేకుండా ముత్యాన్ని పంటికి రాసి చూసింది. గరుగ్గా తగిలితే అసలుది, నున్నగా జారితే గాజు. షాపులో చేయకండి, మర్యాదగా ఉండదు.

సముద్రం లేని ఊరికి ముత్యాల పేరేంటని నాకు ఎప్పుడూ అనుమానమే. నిజాముల కాలంలో వచ్చినవి బస్రా ముత్యాలు, అంటే పర్షియా గల్ఫ్‌లో మునిగి తీసినవి. జపాన్‌లో మికిమొటో 1893లో ఆల్చిప్పలో ముత్యం పెంచి చూపించాడు, 1930ల నాటికి గల్ఫ్ వేట కుప్పకూలింది. ఇప్పుడు ఇక్కడ అమ్మేదాంట్లో ఎక్కువ భాగం చైనా చెరువుల్లో పెంచిన మంచినీటి ముత్యాలే. ఒక్కో ఆల్చిప్పలో డజన్లకొద్దీ పెరుగుతాయి, అందుకే మనలాంటివాళ్ళకి అందే ధరలో ఉన్నాయి. పైగా వీటిలో చాలావాటికి లోపల పూస ఉండదు, మొత్తం ముత్యపు పొరే. జపాన్ అకోయా రకం ముత్యాలకి లోపల ఆల్చిప్ప పెంకుతో చేసిన పూస పెట్టి పైన పొర పెంచుతారు, పొర పలచనైతే కొన్నాళ్ళకి వెలవెలబోతుంది. ఈ ఊరి పనితనమంతా ఏరడం, బెజ్జం వేయడం, గుచ్చడంలోనే. ఎవరైనా ఇవాళ మామూలు ధరకి "బస్రా" అంటే నవ్వి లేచి రండి.

మా అమ్మమ్మ ముత్యాల కమ్మలు గుర్తొచ్చాయి. తలంటుకీ, వంటింటి సెగకీ ఏనాడూ తీయలేదు, చివరికి అవి పాచిపళ్ళ రంగుకొచ్చాయి. చెమట, సెంటు, నిమ్మరసం ఏదీ పడదు వీటికి. అలంకారమంతా అయ్యాక పెట్టుకోవాలి, ఇంటికి రాగానే ముందు తీసి మెత్తటి గుడ్డతో తుడవాలి. వదినకి మాత్రం భద్రాచలం తలంబ్రాల్లో దొరికిన ముత్యం ఒకటుంది, దేవుడి గూట్లో పొట్లం కట్టి పెట్టుకుంది. దానికి నిగ్గుందా అని అడిగే ధైర్యం నాకు లేదు.

కొన్నది చివరికి మొదటి షాపులోనే, ఏడు మిల్లీమీటర్ల రెండు పేటల హారం. ఎనిమిది అయితే ధర ఒక్కసారిగా ఎగిరిపోతోంది, వేసుకున్న మెడకి ఆ తేడా తెలిసేది కూడా కాదు. తొమ్మిదివేల ఐదొందలతో మొదలైంది ఆరువేల రెండొందలకి దిగింది. అంత దిగిందంటే ఇంకా దిగేదేమో అని వదిన ఇప్పటికీ సణుగుతూనే ఉంది. బిల్లు మీద "మంచినీటి కల్చర్డ్ ముత్యాలు" అని, అంటే పెంచినవని, బరువుతో సహా రాయమన్నాం. లైటర్ కుర్రాడు ఓనర్ వైపు చూశాడు, ఓనర్ మొహం మాడ్చుకుని రాసిచ్చాడు.