ఫిల్టర్ జాలీలో ఇరుక్కున్న కూలీ లోచ్ చేపని ఎలా తీశానంటే

పోయిన నెల ఒక సాయంత్రం మల్కాజిగిరిలో వాన దంచికొట్టింది, కరెంటు పోయి రెండు గంటల తర్వాత గానీ రాలేదు. వచ్చాక అక్వేరియం ఫిల్టర్ నడుస్తోంది కానీ శబ్దం తేడాగా ఉంది, నీళ్లు సన్నగా పడుతున్నాయి. టార్చ్ వేసి చూస్తే, నీళ్లు పీల్చే పైపు చివర ఉండే జాలీలోంచి ఒక తోక వేలాడుతోంది. మా అయిదు కూలీ లోచ్‌లలో ఒకటి! తలవైపు మూడో వంతు లోపల, మిగతాదంతా బయట.

ముందు స్విచ్ ఆపేశాను. మోటారు పీలుస్తున్నంతసేపూ మనం ఏం చేసినా చేపకు దెబ్బే.

ఈ చేప అచ్చం బుల్లి పాములా ఉంటుంది, పసుపు ఒంటి మీద ముదురు గోధుమ పట్టీలు, పెద్దదైనా 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పగలు ఇసుకలోనో చెక్క కిందో దాక్కుంటుంది, సన్నటి సందు కనిపిస్తే దూరడం దాని స్వభావం. కరెంటు లేక పీల్పు ఆగిన ఆ రెండు గంటల్లోనే దూరి ఉంటుందని నా అనుమానం.

మా పాప ఏడుస్తూ "అమ్మా, తోక పట్టుకుని లాగు" అంటోంది. నేనూ ఒక్కసారి మెల్లగా లాగాను, అది కర్రలా బిగుసుకుపోయింది. వెంటనే వదిలేశాను. లోచ్‌లకు కంటి కింద చిన్న ముల్లు ఉంటుంది, భయపడితే అది లేచి నిలబడుతుంది. మామూలు వలకు కూడా ఇవి అలాగే చిక్కుకుంటాయి. దానికితోడు ముందు రెక్కలు వెనక్కి వాలి సందులోంచి లోపలికి వెళ్లిపోయాయి, ఇప్పుడు వెనక్కి లాగితే అవి ఎదురు తిరిగి విరుగుతాయి. అందుకే ఇంత బలంగా చెప్తున్నా, తోక పట్టి లాగొద్దు. కోయాల్సింది ప్లాస్టిక్‌ని.

ట్యాంకులోకే చిన్న టబ్బు ముంచి, జాలీని నీళ్లలోనే తిప్పి ఊడదీసి, చేపతో సహా టబ్బులోకి తెచ్చాను. ఒక్క క్షణం కూడా అది నీళ్లు దాటి బయటికి రాలేదు. పై పోర్షన్ అంకుల్‌ దగ్గరికి పరిగెత్తి "అంకుల్, కటింగ్ ప్లేయర్ ఉందా?" అంటే, "ఏమైందమ్మా ఈ టైంలో" అంటూ ఆయన కూడా దిగొచ్చి టార్చ్ పట్టుకున్నారు.

చేపకు ఆనుకున్న జాలీ పుల్లను దాని ఒంటి దగ్గర కాకుండా రెండు చివర్లా కోయాలి, అప్పుడే పుల్ల మొత్తం ఊడి సందు రెట్టింపవుతుంది. కింది చివర ప్లేయర్‌తో తెగింది. పై చివర ప్లేయర్ మూతి పట్టలేదు, చివరికి గోళ్లు తీసుకునే నెయిల్ కట్టర్‌తో కొంచెం కొంచెంగా కొరికించాను. టక్‌మని తెగినప్పుడల్లా చేప ఒళ్లు జలదరిస్తుంటే నా చేతులు వణికాయి. పుల్ల ఊడాక కూడా అది కదల్లేదు. ఇక పోయిందనుకున్నా. అర నిమిషం తర్వాత తనంతట తానే ముందుకు జారి, జాలీ అడుగు నుంచి బయటికొచ్చింది. పాప అంకుల్‌ని గట్టిగా పట్టేసుకుంది.

నడుము చుట్టూ తెల్లటి గీత పడింది, మొప్పలు గబగబా ఆడుతున్నాయి. టబ్బులో గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, పైన టవల్ కప్పి చీకటి చేశాను. ఉప్పు వేయలేదు, వీటి పొలుసులు మరీ చిన్నవి, ఉప్పూ మందులూ తట్టుకోవడం కష్టం. మందు తప్పనిసరైతే సగం డోసుతో మొదలుపెట్టడం మంచిది. క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లు కూడా పోయలేదు, అంతా ట్యాంకు నీళ్లే. మా వీధి బాదం చెట్టు కింద రాలిన ఎండు ఆకు ఒకటి కడిగి వేశాను.

ఫిల్టర్‌ని ఎక్కువసేపు ఆపి ఉంచినా నష్టమే, ఆక్సిజన్ అందక అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే ఆ రాత్రే తెగిన జాలీకి స్పాంజి ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఆన్ చేశాను. మర్నాడు షాపులో పైపుకు తొడిగే స్పాంజి కొన్నాను, మొదటిరోజే షాపువాళ్లు ఇది చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. వారానికోసారి ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే దాన్ని పిండుతున్నాను. కరెంటు పోగానే ఫిల్టర్ ప్లగ్ తీసేస్తున్నాం, వచ్చాక పాప టార్చ్‌తో అయిదూ లెక్కపెట్టి "ఉన్నాయమ్మా" అన్నాకే మళ్లీ పెడుతున్నాం.

రెండో రోజు దాన్ని ట్యాంకులోకి వదిలాను. నాలుగో రోజు రాత్రి లైట్లు ఆర్పాక చెక్క కింద నుంచి వచ్చి, మిగతా నాలుగింటితో కలిసి అడుగున పడ్డ మేత తింది. నడుము మీద గీత సన్నగా ఇంకా ఉంది.