సీడ్ ఒకటే, అంకెలు మాత్రం వేరు

నిన్న రాత్రి నేను ఆర్ భాషలో రాసిన కోడ్‌కి డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు నంబర్, వచ్చింది. ఇంకా ఆ ఊపులోనే రాస్తున్నాను.

కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ గురించి అందరూ ఊరికే భయపెడతారు. రెండు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేసింది, యాడ్, కమిట్, పుష్ అనే ఆదేశాలు తెలిస్తే రోజువారీ పని నడిచిపోతుంది. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని, ఆ కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ తీసుకోదని తెలియక డేటా అంతా తోసి ఒకసారి చీవాట్లు తిన్నాను, అంతే.

పరువు పోయింది ఆ తర్వాత. పేపర్ రివ్యూయర్ కోడ్ అడిగాడు కదా అని, పంపే ముందు ల్యాబ్‌లో జూనియర్‌ని ఒకసారి రన్ చేసి చూడమన్నాను. "అక్కా, నీ రెండో టేబుల్ నాకు రావట్లేదు, యాక్యురసీ 0.81 బదులు 0.78 వస్తోంది" అంది, అదీ మీటింగ్‌లో అందరి ముందూ. మా గైడ్ కళ్లజోడు తీసి, "ఏమ్మా, మరి ఈ అంకెలు ఎక్కణ్నుంచి తెచ్చావ్?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. సెట్ సీడ్ పెట్టాను సార్ అంటే ఎవరూ నమ్మలేదు. ర్యాండమ్ అంకెలు ప్రతిసారీ ఒకే వరుసలో రావడానికి ముందుగా ఇచ్చే అంకే సీడ్.

నాలుగు రోజులు నిద్ర లేదు. కోడ్ ఒకటే, డేటా ఒకటే, సీడూ ఒకటే. చివరికి విసుగొచ్చి, అంతా తీసేసి, సీడ్ 123 పెట్టి 1 నుంచి 10 వరకు అంకెల్ని శాంపిల్ ఫంక్షన్‌తో కలగాపులగం చేసి చూశాం. నేను వాడిన ల్యాబ్ కంప్యూటర్‌లో 3, 8, 4, 7 అని మొదలైంది. జూనియర్ ల్యాప్‌టాప్‌లో 3, 10, 2, 8! అప్పుడు వెలిగింది. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో శాంపిల్ అంకెల్ని ఎంచుకునే పద్ధతే మార్చేశారు, పాతది పెద్ద సంఖ్యల దగ్గర అన్నింటికీ సమాన అవకాశం ఇవ్వడం లేదని. ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్నది 3.5. "పనిచేస్తోంది కదా, ముట్టుకోవద్దు" అని దానికి కాపలా కాసిన పెద్దమనిషి పేరు చెప్పను గానీ, మీటింగ్‌లో అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. సీడ్ పెడితే చాలు అని పాఠాలు చెప్పేవాళ్ల మీద కూడా నాకు అంతే కోపం.

ఆర్‌లో ర్యాండమ్ అంకెల సెట్టింగ్ అయిన ఆర్‌ఎన్‌జీకైండ్‌లో శాంపిల్ పద్ధతిని "రౌండింగ్" అని పెడితే కొత్త వెర్షన్ ఒక వార్నింగ్ ఇచ్చి పాత అంకెలే ఇచ్చింది, 0.81 కూడా తిరిగొచ్చింది. నేను దొంగని కానని రుజువైంది, చాలు. టేబుల్ మాత్రం కొత్త వెర్షన్‌లో మళ్లీ చేసి 0.78 అనే రాశాను.

ఇంకోటి, ఆర్‌ఎన్వ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ప్యాకేజీల వెర్షన్లు పట్టి ఉంచుతుంది గానీ, ఆర్ వెర్షన్‌ని రాసుకోవడమే తప్ప తెచ్చి పెట్టదు, దానికి నేను ఆర్ వెర్షన్‌తో సహా అన్నీ ఒకే పెట్టెలో సర్ది ఇచ్చే డాకర్ దాకా వెళ్లాల్సొచ్చింది. అది నేర్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ల్యాబ్‌లో డాకర్ అంటే నా దగ్గరికే వస్తారు, ఆ పెద్దమనిషితో సహా.

కోడ్‌ని భద్రపరిచి డీఓఐ ఇచ్చే జెనోడో సైట్‌లో పని పది నిమిషాలు. గిట్‌హబ్‌తో కలిపే స్విచ్ ఆన్ చేశాకే రిలీజ్ చేయండి, ముందు చేసినదాన్ని అది పట్టించుకోదు, నేను రెండోసారి చేయాల్సొచ్చింది. లింక్ గైడ్‌కి మెయిల్ చేశాను. పొద్దున జవాబొచ్చింది: "ఓకే."